మైలుతుత్తంలో నీరెంతుందో తూకం వేసి తేల్చడం ఎలా?

మైలుతుత్తం నీలం రంగు పోయి తెల్లబడగానే మంట ఆపేసి, "స్ఫటిక జలం పోయింది" అని రికార్డులో రాసేయడం చాలా ల్యాబుల్లో అలవాటు. పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, బరంపురం వైపు తొమ్మిది, పది, ప్లస్ టూ చదువుతున్న తెలుగు పిల్లల కోసం, వాళ్ళకు సైన్సు చెప్పే మాస్టార్ల కోసం ఇది రాస్తున్నాను. ముందే ఒక మాట చెప్పేస్తాను. ఈ ప్రయోగాన్ని రంగు చూసి ఆపకూడదు, తూకం చూసి ఆపాలి. కింద చెప్పేవన్నీ ఆ ఒక్క మాట కోసమే.

ఎందుకో చూడండి. మైలుతుత్తం అంటే కాపర్ సల్ఫేట్. స్ఫటికంలో ఒక్కో కాపర్ సల్ఫేట్‌కు ఐదు నీటి అణువులు అంటిపెట్టుకుని ఉంటాయి. స్ఫటిక జలం అంటే ఇదే. చేత్తో చూస్తే గులకరాయిలా పొడిగా ఉన్నా, 100 గ్రాముల స్ఫటికాల్లో సుమారు 36 గ్రాములు నీళ్ళే. వేడి చేస్తే ఈ ఐదూ ఒకేసారి పోవు. సుమారు 63 డిగ్రీల సెల్సియస్ దగ్గర రెండు, 109 డిగ్రీల దగ్గర ఇంకో రెండు పోతాయి. చివరిది మాత్రం 200 డిగ్రీల దాకా కదలదు. చిక్కంతా ఇక్కడే ఉంది. నాలుగు నీటి అణువులు పోయి ఒకటి మిగిలినప్పటికే పొడి దాదాపు తెల్లగా కనిపిస్తుంది. ఆ మిగిలిన ఒక్కటి కంటికి ఆనదు, కాటాకు మాత్రం దొరుకుతుంది.

స్ఫటికం లోపల కూడా ఈ ఐదూ ఒక్కలా ఉండవు. 1934లో బీవర్స్, లిప్సన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఎక్స్ కిరణాలతో ఈ స్ఫటికం లోపలి అమరికను తేల్చారు. నాలుగు నీటి అణువులు రాగి అయాన్ చుట్టూ ఉంటాయి. ఐదోది రాగికి తగలకుండా, సల్ఫేట్లకూ మిగతా నీటి అణువులకూ మధ్య హైడ్రోజన్ బంధాలతో ఇరుక్కుని ఉంటుంది. పుస్తకంలో చుక్క పెట్టి ఐదింటినీ ఒక్కలాగే రాస్తాం కాబట్టి ఈ తేడా మనకు తట్టదు.

ఏమేం కావాలి

పింగాణీ క్రూసిబుల్ (మంటకు తట్టుకునే చిన్న గిన్నె), దాని మూత, పట్టకారు, ముక్కాలి స్టాండు, దాని మీద క్రూసిబుల్‌ను నిలిపే క్లే ట్రయాంగిల్. వేడికి బున్సెన్ బర్నర్ ఉంటే మంచిదే. లేకపోతే స్పిరిట్ దీపంతో కూడా అవుతుంది, కాకపోతే ఎక్కువ సేపు పడుతుంది.

కాటా దగ్గర మాత్రం రాజీ పడకండి. వంటింటి కాటా గ్రాములో తూస్తుంది. మనం తూచబోయే నీరు మొత్తం కలిపినా ఒక గ్రాముకు లోపే. 0.01 గ్రాము దాకా చూపించే చిన్న డిజిటల్ కాటా కావాలి. బళ్ళో డబ్బు తక్కువుంటే మిగతా వస్తువులు అరువు తెచ్చుకోండి, కాటా మాత్రం కొనండి. ఫ్యాను గాలి తగిలితే దాని అంకె నిలబడదు, అందుకని తూచేటప్పుడు ఫ్యాను ఆపేయండి.

వేడి క్రూసిబుల్ చెమ్మ తగలకుండా చల్లారడానికి డెసికేటర్ అనే మూత పాత్ర ఉండాలి. లేకపోతే మూత బిగుతుగా పట్టే స్టీలు డబ్బా తీసుకుని, అడుగున సిలికా జెల్ పోసి, పైన చిన్న వైరు మెష్ ముక్కను వంచి బల్లలా పెట్టండి. ప్లాస్టిక్ డబ్బా వద్దు, కరిగిపోతుంది. నీలం రంగు సిలికా జెల్ అయితే గింజలు గులాబీ రంగుకు తిరిగాయేమో చూడండి. తిరిగితే అవి చెమ్మతో నిండిపోయాయని అర్థం, ఇక పనిచేయవు. ఆ రంగు కోబాల్ట్ క్లోరైడ్‌ది. నీళ్ళు పట్టుకుంటే గులాబీ, వదిలేస్తే నీలం. అదీ స్ఫటిక జలం కథే. కాకపోతే కోబాల్ట్ లవణం విషం, గింజల్ని చేత్తో కలపకండి.

ఇక మైలుతుత్తం. తోటలకు తెగుళ్ళ మందుగా బోర్డో మిశ్రమం కలుపుకునే వాళ్ళ కోసం ఎరువుల కొట్లలో ఇది దొరుకుతుంది. ఒడియా కొట్లో అయితే తుతియా అని అడగండి. రంగు మారడం చూపించడానికి ఆ సరుకు చాలు. లెక్క తేల్చడానికి చాలదు, అందులో ఇనుము లవణాలు, మట్టి కలిసి ఉంటాయి. ల్యాబ్ సరుకు దొరకకపోతే దాన్నే శుభ్రం చేసుకోవచ్చు. వేడినీళ్ళలో కరిగినంత కరిగించి, రెండు మూడు చుక్కలు సజల సల్ఫ్యూరిక్ ఆమ్లం వేసి, వేడిగా ఉండగానే ఫిల్టర్ కాగితంలో వడకట్టి, కదపకుండా రాత్రంతా వదిలేయండి. తెల్లారేసరికి అడుగున కొత్త స్ఫటికాలు కడతాయి. ఇదంతా గాజు బీకరులోనే చేయాలి. ఇనుము, అల్యూమినియం గిన్నెల్లో చేస్తే రాగి బయటికొచ్చి గిన్నెకు పడుతుంది, గిన్నె తినేస్తుంది. వంటపాత్రలు ఏ లోహానివైనా సరే వద్దు. మైలుతుత్తం కడుపులోకి పోతే విషం. కళ్ళకు అద్దాలు పెట్టుకోండి. పొడి కంట్లో పడితే నలపకుండా ధారగా నీళ్ళు పోస్తూ 15 నిమిషాలు కడిగి, డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళండి.

ఎప్పుడు చేయాలి

మన వైపు ఈ ప్రయోగానికి కార్తీకం నుంచి మాఘం దాకా మంచి కాలం. వానాకాలంలో వంశధార లోయలోనూ గంజాం తీరంలోనూ గాలిలో ఉండే చెమ్మ సంగతి మీకు తెలిసిందే. హుమ్మా ఉప్పు మడుల కల్లుప్పు శ్రావణమాసంలో డబ్బాలో నీరుకారుతుంది కదా, దానికి కారణం ఉప్పు కాదు, ఉప్పులో కలిసున్న మెగ్నీషియం క్లోరైడ్. గాలిలో నీటిని అది లాక్కుంటుంది. నీరు పోయిన కాపర్ సల్ఫేట్ కూడా అంతే. మూత తీసి కాటా మీద పెడితే అంకె మీ కళ్ళ ముందే 0.01, ఇంకో 0.01 అని పైకి పాకుతుంది. పరీక్షలు ముంచుకొచ్చి వానల్లోనే చేయాల్సి వస్తే టెన్షన్ పడకండి. మూత పెట్టే తూచండి, డబ్బాలోంచి తీసిన వెంటనే అంకె రాసుకోండి.

చేసే పద్ధతి

ముందు ఖాళీ క్రూసిబుల్‌ను మూతతో సహా ఐదారు నిమిషాలు గట్టిగా వేడి చేయండి. పింగాణీకి కూడా చెమ్మ, చేతి జిడ్డు అంటుకుని ఉంటాయి. సిలికా జెల్ డబ్బాలో చల్లార్చి తూచండి. ఇక్కడి నుంచి దాన్ని చేత్తో ముట్టుకోవద్దు, పట్టకారుతోనే పట్టుకోండి. తర్వాత పొడిని కలపడానికి సన్నటి గాజుకడ్డీ ముక్క వాడాలనుకుంటే దాన్ని కూడా ఇప్పుడే క్రూసిబుల్‌లో వేసి కలిపి తూచండి. తర్వాత కడ్డీకి అంటుకున్న పొడి ఎటూ పోదు, లెక్కలోనే ఉంటుంది.

స్ఫటికాలను కల్వంలో మెత్తగా నూరండి. పెద్ద పలుకులు వేడికి చిటపటలాడి ఎగిరి బయట పడతాయి, పడినంతా నీరు పోయినట్టు లెక్కలోకి వస్తుంది. నూరిన పొడిని రెండు ఫిల్టర్ కాగితాల మధ్య పెట్టి నొక్కండి. ఎండలో మాత్రం ఆరబెట్టకండి. పొడిగాలికి, ఎండవేడికి స్ఫటిక జలమే కొంత పోవచ్చు. అలా పోయింది ఎంతో తెలుసుకునే దారి ఉండదు. నొక్కినప్పుడు కాగితం మీద తడి మచ్చ పడకపోతే చాలు.

ఇందులోంచి రెండున్నర గ్రాముల దాకా క్రూసిబుల్‌లో వేసి, పలచగా పరిచి, మూతతో తూచండి. సరిగ్గా 2.50 రావాలని పొడి తీసి, వేసి అవస్థ పడనక్కర్లేదు. ఎంతొస్తే అంత రాసుకోండి.

ఇప్పుడు వేడి. ఈ పని ఓపిక మీద నడుస్తుంది. మూతను కాస్త ఓరగా పెట్టి, మొదటి పది నిమిషాలు చిన్న మంట మీద ఉంచండి. మూత లోపలి వైపు సన్నగా చెమ్మ పట్టి, ఆవిరై పోతుంది. అడుగు పొడి ముందు పాలిపోతుంది, పైపొర ఇంకా నీలంగానే ఉంటుంది. గాజుకడ్డీతో మెల్లగా తిరగేయండి. ముదురు నీలం కాస్తా లేత నీలమై, తర్వాత నీలి ఛాయ ఉన్న తెలుపవుతుంది. ఇక్కడే చాలామంది ఆపేస్తారు. మీరు ఆపకండి. మంట కొంచెం పెంచి ఇంకో పది నిమిషాలు ఉంచండి. స్పిరిట్ దీపమైతే ఇంకాసేపు పడుతుంది.

అలాగని మంట మరీ ఎక్కువ చేయకూడదు. క్రూసిబుల్ అడుగు ఎర్రబడకూడదు. 600 డిగ్రీలు దాటాక కాపర్ సల్ఫేటే విరిగిపోవడం మొదలవుతుంది. సల్ఫర్ ట్రైఆక్సైడ్ పొగ బయటికి పోయి, నల్లటి కాపర్ ఆక్సైడ్ మిగులుతుంది. అంచుల్లో బూడిదరంగు, నలుపు కనిపించినా, గొంతు పట్టేసే ఘాటు వచ్చినా వెంటనే మంట తీసేయండి. ఆ పొడితో నీటి లెక్క ఇక రాదు, మళ్ళీ కొత్తగా మొదలుపెట్టాల్సిందే.

మంట తీసి, మూత పూర్తిగా కప్పి, సిలికా జెల్ డబ్బాలో పావుగంట చల్లార్చి తూచండి. వేడిగా ఉండగా తూస్తే పైకి లేచే వేడిగాలి వల్ల బరువు తక్కువ చూపిస్తుంది, కాటా కూడా పాడవుతుంది. అంకె రాసుకుని మళ్ళీ ఐదు నిమిషాలు వేడి చేయండి, చల్లార్చండి, తూచండి. వరసగా రెండు తూకాల మధ్య తేడా 0.01 గ్రాము గానీ అంతకన్నా తక్కువ గానీ అయ్యేదాకా ఇలాగే చేయండి. అప్పుడే నీరంతా పోయినట్టు.

రికార్డు మీ మీడియం ఏదైతే అందులోనే రాయండి. కానీ బల్ల దగ్గర చూసింది చూసినట్టు మీకు నోటికొచ్చిన భాషలో గీసుకోండి, తెలుగైనా ఒడియా అయినా సవర అయినా. ఇదే పర్లాకిమిడిలో పంతులుగా పనిచేసిన గిడుగు రామమూర్తి గారు సవర పిల్లలకు సవరలోనే చదువు చెప్పాలని ఆ భాష నేర్చుకుని పుస్తకాలు రాశారు. "అంచు దగ్గర నీలం ఇంకా పోలేదు" అని పిల్ల తన మాటల్లో రాసుకున్న గమనిక, పుస్తకం నుంచి ఎక్కించిన పేరా కన్నా విలువైనది.

లెక్క

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఖాళీ క్రూసిబుల్, మూత కలిపి 21.42 గ్రాములు. పొడి వేశాక 23.92. మొదటిసారి వేడి చేశాక 23.10, రెండోసారి 23.04, మూడోసారి 23.03. చివరి రెండింటి మధ్య తేడా 0.01, కాబట్టి ఆపవచ్చు.

పోయిన నీరు 23.92లోంచి 23.03 తీస్తే 0.89 గ్రాము. మిగిలిన అనార్ద్ర (అంటే నీరు లేని) కాపర్ సల్ఫేట్ 23.03లోంచి 21.42 తీస్తే 1.61 గ్రాములు. నీటి మోలార్ ద్రవ్యరాశి 18, కాపర్ సల్ఫేట్‌ది 159.6. 0.89ని 18తో భాగిస్తే 0.0494 మోల్. 1.61ని 159.6తో భాగిస్తే 0.0101 మోల్. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే 4.9 వస్తుంది. అంటే ఐదు.

4.9ని చెరిపేసి 5.00 అని రాయకండి. 4.9 అనే రాసి, దగ్గరి పూర్ణాంకం 5 అని చెప్పండి. మాస్టార్లకు నా మనవి కూడా ఇదే, నిజాయితీగా వచ్చిన 4.9కి మార్కులు తగ్గించకండి.

జవాబు తప్పితే ఎక్కడ తప్పిందో

ఈ ప్రయోగంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం ఇది. తప్పు జవాబు కూడా ఏదో ఒకటి చెబుతుంది. పై ఉదాహరణలో మొదటి తూకం దగ్గరే ఆపేశామనుకోండి. నీరు 0.82, మిగిలింది 1.68, నిష్పత్తి 4.3. పిల్లలు దాన్ని నాలుగు చేసి, నాలుగు నీటి అణువులని రాసేస్తారు. సరిగ్గా నాలుగు పోయి ఒకటి మిగిలిన చోట ఆపితే మాత్రం 4 రాదు, 3.6 దగ్గర వస్తుంది. ఎందుకంటే మిగిలిపోయిన ఆ ఒక్క నీటి బరువు పైన తగ్గి, కింద కాపర్ సల్ఫేట్ ఖాతాలో కలుస్తుంది. తప్పు రెండు వైపులా పడుతుంది. ఈ లెక్క బోర్డు మీద ఒకసారి చేయించండి, మళ్ళీ వేడి చేసి మళ్ళీ ఎందుకు తూచాలో పిల్లలు ఇక అడగరు.

ఐదుకన్నా బాగా ఎక్కువొస్తే మూడు కారణాలు వెతకండి. పొడి ముందే తడిగా ఉండటం ఒకటి. 2.50 గ్రాముల్లో 0.10 గ్రాము పైతడి ఉన్నా జవాబు 5.6 దాకా పోతుంది. చిటపటలాడి పొడి ఎగిరిపోవడం రెండోది. మంట ఎక్కువై ఉప్పే విరిగిపోవడం మూడోది. మూడోదైతే పొడిలో నల్ల మచ్చలుంటాయి, రెండోదైతే మూత మీదో బల్ల మీదో పలుకులు దొరుకుతాయి. ఈ రెండూ లేకపోతే తడిని అనుమానించండి.

తరగతిలో ఒక్కో బెంచీకి ఒక్కో బరువు ఇచ్చి చేయిస్తే ఇంకా బాగుంటుంది. ఒకరికి 1.5 గ్రాములు, ఇంకొకరికి 2, మరొకరికి 3. అనార్ద్ర లవణం బరువును అడ్డంగా, పోయిన నీటిని నిలువుగా పెట్టి అందరి చుక్కలూ ఒకే గ్రాఫులో పెట్టండి. బాగా చేసిన వాళ్ళ చుక్కలన్నీ సున్నా గుండా పోయే ఒకే గీత మీద పడతాయి. దాని వాలు 0.56 దగ్గర ఉంటుంది. గీతకు కింద పడ్డవాళ్ళది వేడి చాలలేదు, పైన పడ్డవాళ్ళకు పైన చెప్పిన మూడింటిలో ఏదో ఒకటి జరిగింది.

వేరే లవణాలతో

ఎప్సం సాల్ట్, అంటే ఏడు నీటి అణువులున్న మెగ్నీషియం సల్ఫేట్, మైలుతుత్తం లేని చోట మంచి బదులు. బరువులో 51 శాతం నీరు. కాకపోతే రంగు మారదు కాబట్టి తూకం మీదే ఆధారపడాలి. ఒక రకంగా అదే మంచిది.

పటికలో పన్నెండు. పటిక పొంగించడం మన పెద్దవాళ్ళకు తెలిసిన పనే. సుమారు 92 డిగ్రీల దగ్గర అది తన నీటిలో తానే కరిగి, బుడబుడమంటూ పొంగి, తెల్లటి బెండులా తయారవుతుంది. చూడటానికి బాగుంటుంది. కానీ పొంగి బయటికి పోతుంది కాబట్టి చిన్న క్రూసిబుల్‌లో తూకానికి పనికిరాదు.

పదో తరగతిలో వచ్చే అన్నభేది, అంటే ఫెర్రస్ సల్ఫేట్, పూర్తిగా వేరే కథ. లేత ఆకుపచ్చ స్ఫటికాలు ముందు ఏడు నీటి అణువులు పోగొట్టుకుని పాలిపోతాయి. ఇంకా వేడి చేస్తే ఉప్పే విరిగి ఎర్రమట్టి రంగు ఫెర్రిక్ ఆక్సైడ్ మిగులుతుంది, సల్ఫర్ డైఆక్సైడ్, సల్ఫర్ ట్రైఆక్సైడ్ బయటికొస్తాయి. అసలైన ఉష్ణ వియోగం అదే. మొదటి మెట్టులో పోయిన నీటిని తిరిగి పోస్తే స్ఫటికం మళ్ళీ కడుతుంది, రెండో మెట్టు దాటాక కట్టదు. దీన్ని పరీక్షనాళికలో కొద్దిగా మాత్రమే, కిటికీలన్నీ తీసి చేయండి. నాళిక మూతి కాస్త కిందికి వంచి పట్టుకోండి. నిలబెట్టి వేడి చేస్తే పైన చల్లబడ్డ నీటిబొట్టు వేడి గాజు మీదికి జారి నాళిక పగులుతుంది. వాసన చూడాలంటే మూతి దగ్గర ముక్కు పెట్టకుండా, చేత్తో కొద్దిగా గాలిని మీ వైపుకు విసురుకోండి. ఆయాసం ఉన్న పిల్లల్ని దూరంగా కూర్చోబెట్టండి.

జిప్సం గురించి ఒక్క ముక్క. 1765లో లావోయిజే అనే రసాయన శాస్త్రవేత్త ఫ్రెంచి సైన్స్ అకాడమీకి ఇచ్చిన మొదటి రసాయన పత్రం దాని మీదే. కాలిస్తే నీరు పోతుందనీ, ఆ పొడికి తడి తగిలితే పోయిన నీటినే తిరిగి తీసుకుని గట్టిపడుతుందనీ తూకం పెట్టి చూపించాడు. విరిగిన చేతికి కట్టే పిండికట్టు గట్టిపడేది ఇలాగే.

నీటిని తిరిగి ఇవ్వడం, సర్దుకోవడం

చివరి తూకం అయ్యాక తెల్ల పొడిని పారేయకండి. క్రూసిబుల్ పూర్తిగా చల్లారాక డ్రాపర్‌తో ఒక్క చుక్క నీరు వేయండి. చుక్క పడిన చోట నీలం విచ్చుకుంటుంది, సన్నటి ఆవిరి లేస్తుంది. క్రూసిబుల్ పక్కన వేలు పెట్టి చూస్తే వెచ్చగా తగులుతుంది. నీటిని బయటికి పంపడానికి మీరు ఇచ్చిన వేడిలో కొంత ఇప్పుడు వెనక్కి వస్తోందన్నమాట. చుక్కచుక్కగానే వేయండి, ఒక్కసారి పోస్తే బాగా వేడెక్కి చింది మీద పడుతుంది. ఇదే పొడిని చిటికెడు దాచుకుంటే ఏదైనా ద్రవంలో నీరుందా లేదా అని తేల్చడానికి పనికొస్తుంది. నీరుంటే నీలం తిరుగుతుంది.

అన్ని బెంచీల పొడినీ ఒకే బీకరులో వేసి వేడినీటితో కరిగించండి, పైన చెప్పినట్టే మళ్ళీ స్ఫటికాలు కట్టించండి. వచ్చే ఏడాది పిల్లలకు అదే సరుకు. నల్లబడ్డ పొడి ఉంటే అందులో కలపకండి. సీసా మీద పేరు, తేదీ, "విషం" అని తెలుగులోనూ ఒడియాలోనూ రాసి బీరువాలో పెట్టి తాళం వేయండి. గిన్నెలు కడిగిన నీలం నీళ్ళను చెరువులోకి పోయే కాలవలో గానీ పశువులు తాగే తొట్టి దగ్గర గానీ పోయకండి, చేపలకు కాపర్ సల్ఫేట్ కొద్దిగా ఉన్నా ప్రాణాంతకం. ఆ నీళ్ళను వెడల్పాటి గాజు పళ్ళెంలో, పిల్లలకూ పిల్లులకూ అందని చోట ఆరబెట్టి, అడుగున మిగిలిన పొడిని గీకి ఎరువుల కొట్టు సరుకున్న సీసాలో వేయండి.